తొమ్మిది అని చెప్పు

ఏ ప్రోగ్రామింగ్ భాష తీసుకున్నా అందులో ఒక ప్రశ్న అడిగే వీలుంటుంది. ఒక భాషలో ఒక్క మాటతో పని జరిగిపోతుంది, ఇంకో భాషలో నాలుగు లైన్లు రాయాలి. భావం మాత్రం ఒకటే. "నేను ఎవరి మీద నడుస్తున్నాను? నీ వెర్షన్ ఎంత?" కిందనున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఒక అంకె చెబుతుంది. పైనున్న ప్రోగ్రాం ఆ అంకెను నమ్మి పని మొదలుపెడుతుంది. కళ్లకు గంతలు కట్టి తీసుకొచ్చినవాడు "ఇది ఎవరిల్లండీ" అని అడిగాక, చెప్పిన పేరు నమ్మడం తప్ప ఏం చేస్తాడు?

నాది ఆ జవాబు చెప్పే వైపు ఉద్యోగం. పద్దెనిమిదేళ్లు చేశాను. మంచి పేరే తెచ్చుకున్నాను. నేను చెప్పించిన ఒక జవాబు వల్ల ఇద్దరు చనిపోయారు. ఆ సంగతి నా సర్వీసు రికార్డులో ఎక్కడా లేదు.

నా పేరు కూర్మారావు. విశాఖపట్నంలో ఊపిరి యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పునాది ఇంజినీరుని, అంటే కిందనుండే ఆ సిస్టమ్ రాసేవాణ్ణి. యంత్రం అగ్గిపెట్టె అంత ఉంటుంది. ఛాతీ మీద చర్మం కింద పెట్టి కుట్టేస్తారు. రెండు సన్నటి తీగలు ఊపిరి నరాల దాకా వెళ్తాయి. మెడ విరిగి మెదడు మాట కిందికి అందనివాళ్లకు, మెదడువాపు జ్వరం తర్వాత ఊపిరి తీసుకోవడమే మరిచిపోయినవాళ్లకు, అది నిమిషానికి పద్నాలుగుసార్లు ఊపిరి అందిస్తుంది. గొంతులో గొట్టం అక్కర్లేదు. గొట్టం లేదు కాబట్టి మాట వస్తుంది. మా దగ్గర అలాంటివాళ్లు ఎనభై ముగ్గురు ఉండేవారు.

వాళ్లలో మొదటివాడు నా బావమరిది పోలినాయుడు.

పోలినాయుడు కబడ్డీ ఆడేవాడు. కూతకు వెళ్లాడంటే నలభై సెకన్లు ఊపిరి తెగేది కాదు. ఒకసారి జిల్లా ఫైనల్లో ఇద్దర్ని ముట్టుకుని గీత దాటి వచ్చేశాడు. ఎంపైరు పాయింట్లు ఇచ్చేశాడు. జనం ఈలలు వేస్తున్నారు. వీడు ఎంపైరు దగ్గరికి నడిచి వెళ్లి, "సార్, మజ్జిలో నా కూత తెగిపోనాది, మీకినబడ్లేదు" అని చెప్పి బయటికెళ్లి కూర్చున్నాడు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. ఆ రాత్రి జట్టువాళ్లు వీణ్ణి తిట్టిన తిట్లు మా ఆవిడ నీలవేణి ఇప్పటికీ అప్పజెప్పగలదు. అక్క కదా, తిట్లలో తనకూ వాటా దక్కింది.

ఇరవై మూడో ఏట నలుగురు కలిసి పట్టిన పట్టులో మెడ విరిగింది. కాళ్లూ చేతులూ పోయాయి. మూడేళ్లు గొంతులో గొట్టంతో, మంచం పక్కన బుసకొట్టే పెద్ద యంత్రంతో పడి ఉన్నాడు. కనురెప్పలతో అవును, కాదు అనేవాడు: రెండుసార్లు వేస్తే అవును, ఒక్కసారి వేస్తే కాదు. యంత్రం పెట్టిన తొమ్మిదో రోజున గొట్టం తీసేశారు. అందరం వాడి నోటివైపే చూస్తున్నాం. "బావా, నీ మిషను ఊపిరి బిగబట్టనివ్వడం లేదేటి" అన్నాడు. నీలవేణి నేల మీద కూలబడి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఆ యంత్రంలో రెండు అంతస్తులున్నాయి. కిందది పునాది. గడియారం, బ్యాటరీ, తీగలకు కరెంటు, అన్నీ అది చూసుకుంటుంది. పైది ఊపిరి ప్రోగ్రాం. ఎప్పుడు పీల్చాలి, ఎంత లోతుగా, నిద్రలో ఎలా, మాట్లాడేటప్పుడు ఎలా, ఆ తెలివంతా దానిదే. పునాది నాది. ప్రోగ్రాం శేషారత్నం మేడమ్‌ది. ఆవిడ నాకు పని నేర్పిన మనిషి. ఇప్పుడు వాడకంలో లేని భాషలో ప్రతి లైనూ చేత్తో చెక్కినట్టు రాసింది. ప్రోగ్రాం నిద్ర లేవగానే చేసే మొదటి పని ఆ ప్రశ్న అడగడం. తనకు తెలిసిన వెర్షన్ అయితే నడుస్తుంది. తెలియనిదైతే ఆగిపోయి గంట మోగిస్తుంది. ఆ చోట ఆవిడ తెలుగులో ఒక వ్యాఖ్య రాసి పెట్టింది: "తెలియని పునాది మీద ఊపిరి పోయకు. ఆగు. మనిషిని పిలు."

తొమ్మిదో వెర్షన్ పునాదిలో ఒక అవకరం ఉండేది. దాని గడియారం నలభై తొమ్మిది రోజులకు మించి లెక్కపెట్టలేదు, మళ్లీ సున్నాకు పోతుంది. సున్నాకు పోయిన క్షణంలో ప్రోగ్రాం తడబడకుండా మేడమ్ ఒక ఏర్పాటు చేసింది. నలభై ఎనిమిదో రోజున ప్రోగ్రాం తనంతట తాను ముగిసిపోతుంది. వెంటనే పునాది ఊపిరి పని అందుకుని, గడియారం సరిచేసుకుని, నలభై సెకన్ల తర్వాత ప్రోగ్రాంను మళ్లీ లేపుతుంది. ల్యాబులో దీన్ని స్నానం అనేవాళ్లం. ఆ నలభై సెకన్లూ పునాది పోసే ఊపిరి మొరటుగా ఉంటుంది. పోలినాయుడికి తెలిసిపోయేది. "ఇవేళ నీ మిషను తానానికెళ్లింది బావా" అని ఫోన్ చేయించి మరీ చెప్పేవాడు.

మేడమ్ పోయిన రెండేళ్లకు ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చింది. తొమ్మిదో వెర్షన్ పునాదిలోకి బయటివాళ్లు ఫోను ద్వారా చొరబడే సందు ఒకటి ఉంది, ఆరు నెలల్లో పూడ్చకపోతే యంత్రాలన్నీ వెనక్కి తీసుకోవాలి. నేను పదో వెర్షన్ రాశాను. సందు పూడ్చాను. పనిలో పనిగా గడియారం కూడా బాగుచేశాను. ఇప్పుడది వందేళ్లు లెక్కపెడుతుంది. గడియారం బాగైంది కాబట్టి స్నానం అక్కర్లేదు. స్నానం అక్కర్లేదు కాబట్టి పునాది నలభై సెకన్లు ఊపిరి పోసే కోడ్ దండగ. తీసేశాను. ప్రోగ్రాం ముగిసిపోతే, డాక్టరే ఆపాడని అనుకుని పడుకోమని పునాదికి చెప్పాను. ఆ రోజు నాకు చాలా తృప్తిగా ఉంది. ఇల్లు తుడిచినట్టు అనిపించింది.

బల్ల మీద పరీక్ష పెట్టాం. ప్రోగ్రాం లేచింది. నీ వెర్షన్ ఎంత అని అడిగింది. పది అంది పునాది. ప్రోగ్రాం ఆగిపోయి గంట కొట్టింది.

డైరెక్టర్ పట్నాయక్ గారు గంట విని లోపలికొచ్చారు. మనిషి మంచివాడే. కంపెనీని ముగ్గురు పిల్లల తర్వాత పుట్టిన నాలుగో పిల్లలా చూసుకునేవాడు.

"ప్రోగ్రాంలో ఆ ఒక్క లైను మార్చలేమా కూర్మారావ్ గారూ?"

"మార్చొచ్చు సార్. కానీ లైసెన్సు ప్రోగ్రాంకి ఇచ్చారు. అందులో ఒక్క చుక్క మార్చినా మనుషుల మీద పరీక్షలు మళ్లీ మొదటి నుంచి. ఏడాదిన్నర."

"గడువు ఎనిమిది వారాలే ఉంది. అప్పుడు ఎనభై ముగ్గురికీ మళ్లీ గొట్టాలేనా?"

ఆయన నావైపు చూశారు. ఆ చూపులో ఎనభై ముగ్గురున్నారో లేదో గానీ నాకు మాత్రం ఒక్కడే కనిపించాడు, కనురెప్పలతో అవును, కాదు అంటూ.

"పునాదికి లైసెన్సు అక్కర్లేదు సార్. అది మరమ్మతు కింద వస్తుంది," అన్నాను. "ప్రోగ్రాం అడిగితే తొమ్మిది అని చెప్పమందాం."

అది నేనే అన్నాను. ఆయన నా చేత అనిపించలేదు. ఇందులో వింతేమీ లేదు కూడా. పాత ప్రోగ్రాములు కంగారుపడకుండా కొత్త సిస్టమ్‌లు పాత అంకె చెప్పడం లోకమంతా చేసే పనే. బయట దాన్ని అబద్ధం అంటారు. మా వృత్తిలో దాని పేరు కంపాటిబిలిటీ.

నాలుగు లైన్లు రాశాను. ప్రోగ్రాం అడిగింది, పునాది తొమ్మిది అంది, ఊపిరి మొదలైంది. ల్యాబులో అందరూ చప్పట్లు కొట్టారు. ముప్పై రోజులు బల్ల మీద ఆగకుండా నడిపాం. ముప్పై చాలనుకున్నాం.

నా తప్పు ఎక్కడుందో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు కాలేదు. స్నానం అనేది పునాదికి సంబంధించిన అలవాటని నా బుర్రలో ముద్రపడిపోయింది. పునాది నాది, నేనే తీసేశాను, కాబట్టి పోయింది. ఎప్పుడు స్నానానికి వెళ్లాలో నిర్ణయించేది పైనున్న ప్రోగ్రాం అని, అది తొమ్మిది అన్న మాట నమ్మి పాత మొక్కు తీర్చుకున్నట్టు నలభై ఎనిమిదో రోజున ముగిసిపోతుందని, నాకు తట్టలేదు. కోడ్ తీసేసింది నేనే. అబద్ధం చెప్పించింది నేనే. రెండు పనుల మధ్య నాలుగు నెలలు గడిచాయి. దేనికది చూస్తే రెండూ సరైనవే.

ఫిబ్రవరి పదో తారీకున మొదటి యంత్రానికి కొత్త పునాది ఎక్కించాం. బొబ్బిలిలో అచ్యుతరామయ్య గారని రిటైరైన హెడ్మాస్టరు. "ముందు నాకే పెట్టండి, నాకు డెబ్బై ఒకటి, పోయేదేముంది" అని ముందుకొచ్చారు. వారం రోజులు ఏ ఇబ్బందీ లేదు. పద్దెనిమిదో తారీకున మిగిలిన ఎనభై ఇద్దరికీ ఫోను ద్వారా పంపేశాం. పోలినాయుడు తనకు తేడా ఏమీ తెలియలేదన్నాడు.

మార్చి ముప్పయ్యో తారీకు ఉదయం హెడ్మాస్టరు గారు వీధి అరుగు మీద పేపరు చదువుతూ పోయారు. పేపరు ఒళ్లోనే ఉందట. వయసు మీద పడింది, హాయిగా పోయాడు అన్నారు అందరూ. కంపెనీ తరఫున పూలదండ పంపాం.

యంత్రం తీయించి నా బల్ల మీదికి తెచ్చేసరికి ఏప్రిల్ రెండు. యంత్రం తనలో తాను రాసుకునే దినచర్య చదివాను. చివరి లైను: "ప్రోగ్రాం మామూలుగా ముగిసింది." దాని కింద పునాది లైను: "డాక్టరు ఆపారు. నిద్ర." లోపం లేదు, గంట లేదు. ఆయన పోయారన్న సంగతే ఆ యంత్రానికి తెలియదు.

వేళ్లతో లెక్కపెట్టాను. ఫిబ్రవరి పది నుంచి మార్చి ముప్పై. నలభై ఎనిమిది.

తర్వాత ఫిబ్రవరి పద్దెనిమిది నుంచి లెక్కపెట్టాను. ఏప్రిల్ ఏడు. ఇంకా ఐదు రోజులుంది.

పట్నాయక్ గారు నేను చెప్పిందంతా కదలకుండా విన్నారు. ఆయన చొక్కా చంకల్లో తడిసిపోయింది. "మందు ఉందా?" అని మాత్రం అడిగారు.

"ఉంది సార్. తీసేసిన నలభై సెకన్ల కోడ్ తిరిగి పెట్టేస్తే చాలు. రెండు రోజుల పని. ఫోను ద్వారా పంపేయొచ్చు. కానీ ముందు అందరికీ చెప్పాలి. ఆస్పత్రులకు, పేపర్లకు. ప్రతివాళ్ల ఇంట్లోనూ ఊపిరి కొట్టే చేతి సంచి ఉంది కదా, ఆ రోజున దగ్గర పెట్టుకోమని చెబితే..."

"చెప్పిన మరుక్షణం లైసెన్సు పోతుంది," అన్నారు. "యంత్రాలన్నీ తీసేస్తారు. మీరు ప్రాణాలు కాపాడదామనుకుంటున్నారు, నేనూ అదే అనుకుంటున్నాను. చప్పుడు చేయకుండా కాపాడదాం."

తలూపాను. అక్కడ తలూపినందుకు ఈ రోజుకీ నన్ను నేను తిట్టుకుంటాను, ఊపిన తలకు మాత్రం ఏమీ కాలేదు.

ఏప్రిల్ నాలుగున కోడ్ సిద్ధమైంది. మొదట ఎవరికి పెట్టానో చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం భోజనానికని ఇంటికెళ్లి, పోలినాయుడి ఛాతీ మీద, లోపలి యంత్రంతో మాట్లాడే రీడరు ఆనించి, నా చేత్తో ఎక్కించాను.

"ఏటి బావా, అప్పుడే మళ్లీనా?"

"చిన్న మరమ్మతురా."

"నాకొక్కడికేనా, అందరికీనా?"

"అందరికీ."

"నీకింత తొందరేటి మరి?" అన్నాడు. ఆకలేస్తోందని చెప్పాను. నీలవేణి నవ్వి అన్నం వడ్డించింది.

మర్నాడు మిగిలినవాళ్లకు పంపాం. సాయంత్రానికి ఎనభై యంత్రాల నుంచి అందినట్టు జవాబొచ్చింది. ఒక్కటి రాలేదు.

పాంగి సొంబారి. ఇరవై ఆరేళ్లు. అరకు పైన కొండల్లో ఒక ఆశ్రమ పాఠశాలలో వంటమనిషి. మెదడువాపు జ్వరం తర్వాత యంత్రం పెట్టాం. మెడ బాగానే ఉంది కాబట్టి నడుస్తుంది, కట్టెలు కొడుతుంది, వంద మందికి అన్నం వారుస్తుంది. ఫోను స్విచాఫ్. బడికి ఫోన్ చేస్తే ఇటుకల పండక్కి సెలవు పెట్టి వెళ్లిందన్నారు. ఎక్కడికి? మేనమామ ఊరికట. అక్కడ సిగ్నల్ లేదు. ఆరో తారీకంతా ఆ ఫోను ప్రయత్నిస్తూనే గడిచింది.

ఆమె యంత్రానికి పునాది ఎక్కిన సమయం రికార్డులో ఉంది. ఏడో తారీకు సాయంత్రం నాలుగూ నలభైకి నలభై ఎనిమిది రోజులు నిండుతాయి.

పోలీసులకు ఒక్క మాట చెబితే, ఏరియా ఆస్పత్రికి ఒక్క ఫోన్ చేస్తే, గంటలో మనిషిని పట్టుకునేవారు. పట్నాయక్ గారు, "మీరే వెళ్లి రండి. జీపు తీసుకెళ్లండి. ఎవరడిగినా ఏమీ చెప్పకండి," అన్నారు. ఏడో తారీకు పొద్దున్నే రీడరు సంచీలో వేసుకుని బయల్దేరాను. బడిలో మేనమామ ఊరి పేరు కనుక్కునేసరికి పన్నెండైంది. అక్కణ్ణుంచి మట్టిరోడ్డు.

ఇటుకల పండగ రోజుల్లో అక్కడ మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు కట్టి, వచ్చిన బండినల్లా ఆపి, పాటలు పాడి పండగ కానుక అడుగుతారు. మూడున్నరకి మొదటి వెదురు దగ్గర నా జీపు ఆగింది. పదిహేను మంది ఉంటారు. తలల్లో పూలు, చేతులు చేతులు పట్టుకుని ఆడుతున్నారు. ఒక పెద్దావిడ కిటికీ దగ్గరికొచ్చింది.

"పండగండి బాబూ. ఎవురు మీరు? ఎవురింటికెల్తన్నారు?"

అడగనే అడిగింది. నా నోట్లో రెండు జవాబులున్నాయి. సొంబారి కోసం వచ్చానమ్మా, సాయంత్రం ఆమె ఊపిరి ఆగిపోతుంది, అందరూ వెతకండి అనొచ్చు. అంటే సాయంత్రానికి కొండంతా తెలుస్తుంది, రేపటికి పేపర్లలో వస్తుంది.

"రోడ్డు సర్వేకి వచ్చానమ్మా," అన్నాను.

కానుక ఇచ్చాను. వెదురు పైకెత్తారు. "బాగా ఏయండి బాబూ రోడ్డు" అని నవ్వుతూ చెప్పింది ఆవిడ.

మేనమామ ఊరికి చేరేసరికి నాలుగూ పది. ఇంట్లో ఒక ముసలాయన ఉన్నాడు. సొంబారి ఏదని అడిగాను. "ఆడడానికెల్లింది రోడ్డు మీదకి," అన్నాడు. ఏ రోడ్డు మీదికి? చేత్తో చూపించాడు. నేను వచ్చిన దారే. మొదటి వెదురు దాటాక కుడివైపు చీలిన బాటలో, అర మైలు లోపల, ఇంకో వెదురు. గోడకున్న మేకుకు ఆమె ఊపిరి సంచి వేలాడుతోంది, మేం ఇచ్చిన నీలం రంగుది. దాన్ని లాక్కుని జీపెక్కాను.

ఆ రెండో వెదురు దగ్గరికి వచ్చేసరికి నాలుగూ నలభై ఆరు. పాట ఆగిపోయి ఉంది. సొంబారి రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని ఉంది, పక్కనున్న పిల్ల భుజం మీద తల వాల్చి. అలిసిపోయిందనుకుని ఎవరో విసనకర్రతో విసురుతున్నారు. సంచి ఆమె మూతికి ఆనించి పిండాను. ఎంతసేపు పిండానో తెలియదు. ఎవరో వచ్చి నా చేతులు విడదీశారు. చూస్తే, పెద్దావిడ. మొదటి వెదురు దగ్గర్నుంచి, అరుపులు విని పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సొంబారి కోసమా నువ్వొచ్చింది?" అంది. "మరి సెప్పలేదేటి బాబూ? మా పిల్లే కదా. ఒక్క కేకేస్తే ఇనబడీది."



రెండు చావులు కాబట్టి విచారణ తప్పలేదు. లైసెన్సు కమిటీ వాళ్లు ముగ్గురు వచ్చారు. ముందు రోజు సాయంత్రం నీలవేణి కాఫీ ఇచ్చి నా ఎదురుగా కూర్చుంది. జరిగిందంతా నేను తనకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. పోలినాయుడు అదే గదిలో చక్రాల కుర్చీలో ఉన్నాడు. వాడికి వినబడితే వినబడనీ అనుకున్నాను, వాడికంటే దగ్గరివాడు నాకెవడున్నాడు?

"నిజం చెప్పీస్తే ఏటవుతుందండీ?" అంది నీలవేణి.

"లైసెన్సు పోతుంది. యంత్రాలన్నీ ఆపేస్తారు."

"నా తమ్ముడికి మళ్లీ గొట్టం పెట్టీస్తారా?"

"పెడతారు."

"మూడేళ్లు ఆడి ముక్కూ మూతీ నేనే తుడిచాను. మీరు ఆఫీసుకెళ్లిపోయీవోరు." కొంగు నోట్లో కుక్కుకుంది. "పోయినోళ్లు ఎలాగా పోయారు. మిగిలిన ఎనభై ఒక్కళ్లనీ కూడా తోసీకండి."

ఆమె అన్నదాంట్లో తప్పేముందో నాకిప్పటికీ తెలియదు. సొంబారికి అక్క ఉందో లేదో కూడా తెలియదు.

విచారణ మా కంపెనీ మీటింగ్ హాల్లోనే జరిగింది. పేషెంట్ల తరఫున ఒకరు ఉండాలన్నారని పోలినాయుణ్ణి తెచ్చి వెనక వరసలో ఉంచారు. కమిటీ అధ్యక్షురాలు పెద్ద డాక్టరు. ఓపికగా కాగితాలన్నీ తిరగేసింది. యంత్రాల దినచర్యల్లో ప్రోగ్రాం రాసుకున్న అంకె ఉంది. పునాది ఏం చెబితే ప్రోగ్రాం అదే రాసుకుంటుంది. మరమ్మతు పత్రాల్లో మేం కొత్త అంకె వేయలేదు. అన్ని చోట్లా తొమ్మిదే ఉంది. తొమ్మిదైతే, ప్రోగ్రాం స్నానానికి ముగిసినా పునాది ఊపిరి పోస్తుంది, యంత్రం తప్పు ఉండదు.

ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూసింది.

"చనిపోయిన రోజున ఈ రెండు యంత్రాలూ ఏ వెర్షన్ పునాది మీద నడుస్తున్నాయి? రికార్డు సంగతి నాకు తెలుసు. మీరు చెప్పండి. తయారుచేసింది మీరు కదా."

కిందనున్నవాణ్ణి అడిగింది. నమ్మడానికి సిద్ధపడి అడిగింది.

"తొమ్మిదండి," అన్నాను.

ఆవిడ రాసుకుంది. ఇక ఇబ్బంది లేదు. అచ్యుతరామయ్య గారిది వయసు. సొంబారిది శ్రమ, యంత్రం ఉన్న మనిషి ఎండలో అంతసేపు ఆడకూడదని ముందే చెప్పాల్సిందట. పేషెంట్లకు సలహాల పుస్తకం అచ్చువేయమని సిఫారసు చేశారు. పట్నాయక్ గారు బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. నిజంగానే ఉన్నాయి.

ఇంటికి వెళ్లేటప్పుడు వ్యాన్ వెనక సీటులో నేను, చక్రాల కుర్చీలో పోలినాయుడు. బీచ్ రోడ్డు దాటాక వాడు పిలిచాడు.

"బావా."

"ఏరా."

"కూత తెగిపోనాది."

డ్రైవరు విన్నాడేమోనని ముందుకు చూశాను.

"ఎంపైరుకి ఇనబడ్లేదు. నీకు ఇనబడింది, నాకు ఇనబడింది." వాడు ఊపిరి కోసం ఆగాడు. ఊపిరి సమయానికే వచ్చింది. "నా ఒక్కడి మిషనుకి పది అని చెప్పీ. అది ఆగిపోతాది. మళ్లీ గొట్టం పెట్టించీ. నాకు అలవాటే."

"నువ్వేం చేశావురా? అవుటైంది నేను."

"నీ ఊపిరితోనే కదా నేనాడతంది," అన్నాడు. "అవుటైనోడు బయటికెళ్లి కూకోవాలి బావా. ఆటలో ఉండి మాటాడకూడదు."

నేను ఒప్పుకోలేదు. మీ అక్క చచ్చిపోతుందిరా అన్నాను. మిగిలిన ఎనభై మంది సంగతి ఆలోచించు అన్నాను. విచారణకు ముందు పట్నాయక్ గారు నాకు చెప్పినవన్నీ, అదే వరసలో, వాడికి చెప్పాను. వాడు విన్నాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

పోలినాయుడు ఆ రోజు నుంచి మాట్లాడలేదు. ఏదైనా అడిగితే రెండుసార్లు రెప్ప వేసి అవును, ఒక్కసారి వేసి కాదు అంటాడు, ఆ మూడేళ్లూ అన్నట్టే. యంత్రం నిమిషానికి పద్నాలుగుసార్లు ఊపిరి పోస్తూనే ఉంది. నలభై ఎనిమిది రోజులకోసారి స్నానానికి వెళ్లి వస్తోంది. ఎవరూ నాకు ఫోన్ చేయించడం లేదు. ప్రతిసారీ లేవగానే అది నా పునాదిని అడుగుతుంది, నా పునాది ఇవాళ్టికీ తొమ్మిదనే చెబుతుంది.

నీలవేణి కంగారుపడుతోంది. మొన్న వాడి ఛాతీ మీద రీడరు పెట్టి చూడమంది. చూశాను.

"మాటెందుకు ఆగిపోయిందండీ? మిషన్లో ఏదైనా లోపమా?"

"ఏం లేదు," అన్నాను. "అంతా మామూలుగానే ఉంది."

నీలవేణి నమ్మింది. పోలినాయుడు నావైపు చూసి, ఒక్కసారి రెప్ప వేశాడు.